ఒక్క మీటకు మారిన మాటలు

జనగామలో స్టేషన్‌కు పోయే దారిలో నీరజ డీటీపీ సెంటర్ ఉండేది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, కరెంటు పోయిన ప్రతిసారీ కుయ్యిమనే ఒక యూపీఎస్. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు అక్కడే టైపయ్యేవి. వరంగల్ నుంచి వెలువడే ఒక పక్షపత్రికలో ఆమె కంప్యూటర్ చిట్కాలు కూడా రాసేది. యూపీఎస్ కుయ్యిమనగానే ముందు ఫైలు సేవ్ చేయండి, కరెంటోళ్లను తర్వాత తిట్టవచ్చు. తెలుగు ఫైలును వేరే ఊరికి పంపాలంటే పీడీఎఫ్ చేసి పంపండి, లేకపోతే అక్కడ మన ఫాంట్ లేక మీ శుభలేఖ పిచ్చిగీతల్లా తెరుచుకుంటుంది. ఇలాంటివి. చదివినవాళ్లు పరకాల నుంచీ భూపాలపల్లి నుంచీ ఫోన్ చేసి సందేహాలు అడిగేవాళ్లు.

ఆ చిట్కాల్లో ఆమెకు ఎక్కువ పేరు తెచ్చింది మాక్రో. వరుసగా చేసే పనిని కంప్యూటర్‌కు ఒకసారి చేసి చూపిస్తే, తర్వాత ఒక్క మీట నొక్కగానే అదే చేసిపెడుతుంది. నీరజ దాన్ని సరదాకు నేర్చుకోలేదు. పదేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక ప్రెస్సులో పనికి కుదిరినప్పుడు ఆమె ఇచ్చిన ప్రతి ప్రూఫూ ఎర్ర సున్నాలతో తిరిగి వచ్చేది. "వచ్చినం" కాదు, "వచ్చాం". "గిట్ల" కాదు, "ఇలా". ప్రూఫ్‌రీడర్ కోప్పడే మనిషి కాదు. "మీ వైపు వాళ్లకు ఇవి అలవాటు కాదులేమ్మా" అని నవ్వేవాడు. కోపమైతే భరించేదేమో గానీ ఆ నవ్వు భరించలేకపోయింది. సున్నా పడ్డ మాటలన్నీ జాబితా రాసుకుని, వాటిని వెతికి మార్చే మాక్రో తయారుచేసి, ఎఫ్‌నైన్ మీటకు తగిలించింది. మొదట్లో "గది"ని "అది"గా మార్చబోయి "తరగతి గది" కాస్తా "తరగతి అది" అయింది. ఆ మాటను జాబితాలోంచి తీసేసింది. మిగిలిన నూట నలభై మాటలు మాత్రం రెప్పపాటులో మారిపోయేవి. ప్రూఫుల్లో సున్నాలు ఆగిపోయాయి. సొంత ఊరికి వచ్చి సెంటర్ పెట్టుకున్నాక కూడా ఫైలు పూర్తికాగానే ఎఫ్‌నైన్ నొక్కడం, సేవ్ చేయడం ఆమె వేళ్లకు అలవాటైపోయింది.

2011 వేసవిలో డిగ్రీ కాలేజీ లెక్చరర్ సంతోష్ ఒక పని తెచ్చాడు. ప్రత్యేక రాష్ట్రం ఎందుకు కావాలో మామూలు జనాన్ని అడిగి, పన్నెండు మంది చెప్పిన మాటలు ఫోన్‌లో రికార్డు చేశాడు.

"ఎవరి మాట వాళ్ల నోటినుంచి వచ్చినట్లే పుస్తకంల రావాలె అక్కా" అన్నాడు.

నీరజ అతని మెమరీ కార్డు తన ఫోన్‌లో వేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని పదకొండు రోజులు విన్నది. దేవరుప్పుల కట్టమ్మ గొంతు దగ్గర ఆమె చేతులు ఆగాయి. కరువులో తన తండ్రి బావి తవ్విన సంగతి కట్టమ్మ చెబుతోంది. "ఏడు గజాలు తవ్వినా బాయిల నీళ్లు వడలే. మా బాపు గడ్డమీద కూసొని మూడొద్దులు మాట్లాడలే." అచ్చం తన తల్లి మాట్లాడినట్లే ఉంది. నీరజ కళ్లు తుడుచుకుని, ప్రతి మాటా విన్నది విన్నట్లు కొట్టింది. పన్నెండో మనిషి మాటలు పూర్తయ్యాక ఎఫ్‌నైన్ నొక్కింది, సేవ్ చేసింది. మాక్రోకు అందని మాటలు ఎక్కడైనా కనబడితే చేత్తో సర్దింది. తాను ఏం చేస్తున్నదో ఆ క్షణంలో ఆమె ఆలోచించలేదు. పదేళ్లుగా ఆలోచించకుండా చేస్తున్న పనే అది.

పుస్తకం ఐదు వందల ప్రతులు అచ్చయింది. ఆగస్టు చివర్లో మహబూబాబాద్‌లో ఆవిష్కరణ సభ పెట్టారు. మాటలిచ్చినవాళ్లలో వీలైనవాళ్లను పిలిచారు. కట్టమ్మ ముందు వరుసలో, నీరజ మూడో వరుసలో కూర్చున్నారు. ఒక విద్యార్థిని కట్టమ్మ భాగం తెరిచి మైకులో చదివింది. "ఏడు గజాలు తవ్వినా బావిలో నీళ్లు పడలేదు. మా నాన్న గట్టు మీద కూర్చుని మూడు రోజులు మాట్లాడలేదు."

కట్టమ్మ లేచి నిలబడింది.

"ఎవలి ముచ్చట బిడ్డా గిది?"

"నీదే అవ్వా. నువ్వు చెప్పిందే" అంది ఆ అమ్మాయి.

"నేను గిట్ల చెప్పలే. మా బాపును నేను ఎన్నడు నాన్న అనలే. గా నాన్న ఎవరో నాకు ఎర్కలేదు."

సభలో కొందరు నవ్వారు. ఆమె నవ్వడం లేదని చూసి ఆపారు. సంతోష్ వేదిక దిగి వచ్చి ఏదో చెప్పబోయాడు. కట్టమ్మ అతని చేయి పక్కకు తీసింది.

"నా మాట మంచిగ లేకుంటే అచ్చేసుడే బందువెడితే అయిపోవు గదా సారూ" అని కూర్చుంది.

తిరుగు బస్సులో సంతోష్ అన్నాడు. "అచ్చుకు పోకముందు నేను గూడ సదివిన అక్కా. ఏదో మారిందని నాకు గూడ తెల్వలే. మంచిగనే వచ్చిందనుకున్న."

అతను తిట్టి ఉంటే బాగుండునని నీరజకు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఆమె పాత మాటల కోసం వెతకడం మొదలుపెట్టింది. ఉన్నది ఒకటే ఫైలు. దాని మీదే సేవ్ చేసింది. మూసిన ఫైలుకు వెనక్కి తీసుకునే మీట పనిచేయదు. పోనీ మాక్రోను తిరగేస్తే? జాబితా తెరిచి కూర్చుంది. "నాయిన", "బాపు" రెండూ "నాన్న" అయ్యాయి. "అట్ల", "గట్ల" రెండూ "అలా" అయ్యాయి. పన్నెండు మందిలో ఒక రిటైర్డ్ టీచర్ తనంతట తానే "అలా" అన్నాడు. రెంటినీ కలిపి ఒకటి చేయడం కంప్యూటర్‌కు వచ్చు. ఆ ఒకటిలో ఏది ఎవరిదో అడిగితే దానికి తెలియదు. సంతోష్ ఫోన్‌లోని మెమరీ కార్డు తెప్పించి, పోయిన ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేర్ సగం రోజు నడిపింది. రికార్డింగులు తీసేశాక అతను ఆ కార్డు నిండా ర్యాలీల వీడియోలు ఎక్కించాడు. ఎవరిదో పెళ్లి ఫోటోలు నాలుగు, సగం పాట ఒకటి దొరికాయి. కొత్తది పడ్డ చోట పాతది మిగలదని ఆమే ఒక చిట్కాలో రాసింది.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు నిలిచాయి, ఆఫీసులు మూతపడ్డాయి, సెంటర్‌కు పని రాలేదు. నీరజ ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని స్కూటీ మీద దేవరుప్పులకు పోయింది. కట్టమ్మ పత్తి చేనులో కలుపు తీస్తోంది.

"అవ్వా, నీ మాటలు మార్చింది సారు కాదు. నేనే."

"ఎందుకు మార్చినవ్?"

"తప్పులనుకున్న."

కట్టమ్మ చేతిలోని గడ్డి గట్టు మీద పడేసింది. "మీ అవ్వ ఎట్ల మాట్లాడుతది?"

"నీ తీరుగనే."

"నువ్వు తప్పు మాట్లాడుతున్నవని ఆమెకు చెప్పినవా మరి?"

ఇద్దరూ చెట్టు నీడకు వచ్చి కూర్చున్నారు. మళ్లీ ఒకసారి చెప్పమని నీరజ అడిగింది.

"మల్లొక్కపారి చెప్పుమంటే ఎట్లొస్తది బిడ్డా? గా దినం సారు అడిగితె నోట్లెకెల్లి వచ్చింది. గా దినం ఏడ్సుడు గా దినమే అయిపాయె."

నీరజ ల్యాప్‌టాప్ మూసింది. కాసేపు వానల గురించి, సమ్మె గురించి మాట్లాడుకున్నారు. అంతలో కట్టమ్మ తానే అందుకుంది. ముందు చెప్పినదాంట్లో సగం చెప్పలేదు గానీ, అప్పుడు చెప్పనిది ఒకటి చెప్పింది. "నాలుగో దినం మా బాపు లేసిండు. 'తట్ట పట్టు బిడ్డా, బాయి పూడుద్దాం, పసులు వడ్తయి' అన్నడు. తవ్విన మన్నే మల్ల పోసినం." నీరజ ల్యాప్‌టాప్ మళ్లీ తెరిచి విన్నది విన్నట్లే కొట్టి, అక్కడికక్కడే రెండు పేర్లతో రెండు చోట్ల దాచింది.

ఆ తర్వాత నెల్లికుదురు దగ్గరి లంబాడీ తండాకు పోయింది. పన్నెండు మందిలో ఒకరైన కాళి అనే నడివయసు మనిషి అప్పట్లో సంతోష్‌కు తెలుగులోనే, తడుముకుంటూ చెప్పింది. నీరజ దాన్ని నున్నగా సర్దేసింది. ఇప్పుడు కాళి తెలుగులో చెప్పనంది.

"మా యాడితోని, అంటే మా అమ్మతోని, మాట్లాడిన మాటల్ల చెప్తా. రాస్తవా?"

"నాకు అర్థం కాదు కదా కాళీ."

"నువ్వు రాయి. మేం ఇంటం."

నీరజ తనకు తెలియని మాటలను తెలుగు అక్షరాల్లో కొట్టి, ఒక్కో వాక్యం తిరిగి చదివింది. చుట్టూ చేరిన ఆడవాళ్లు విరగబడి నవ్వారు. ఒకామె ఆమె పెదవుల కేసి చూస్తూ ఒక మాటను ఐదుసార్లు పలికించింది. నవ్వుతున్నవాళ్ల మధ్య తాను తప్పు పలుకుతూ కూర్చోవడం నీరజకు కష్టంగానే తోచింది. అయినా లేచిపోలేదు. మధ్యాహ్నానికి పేజీన్నర తయారైంది. దాని కింద తెలుగు అర్థం కాళి చెప్పగా రాసుకుంది.

పన్నెండు మందిలో ఇంకొకడు, భూపాలపల్లి గనుల్లో పనిచేసే భిక్షం సమ్మెలో ఉన్నాడు. నీరజ అతనికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. అతను తెల్లబోయాడు.

"నాది మార్చకు అక్కా. మంచిగ పేపర్ల ఉన్నట్లున్నది. మా పిల్లలకు సదివి ఇనిపిచ్చిన."

"కానీ అవి నీ మాటలు కావు కదా అన్నా."

"నా పేరు మీద వచ్చినయి గద. నాకు గట్లనే నచ్చినయి. ఉండనియ్యి."

నీరజ చాలా రోజులు దాని గురించి ఆలోచించింది. భిక్షం మాటలు సరిచేయడానికి మళ్లీ తానెవరు? అతనిది అచ్చయినట్లే ఉంచింది.

సమ్మె ముగిసింది, రాష్ట్రం రాలేదు. జనవరిలో పుస్తకం రెండోసారి అచ్చయింది. మొదటిదానికంటే పలుచగా ఉంది, మళ్లీ దొరకని మాటలు అందులో లేవు. ఎందుకో సంతోష్ ముందుమాటలో దాచకుండా రాశాడు. పక్షపత్రికలో ఆ పక్షం నీరజ చిట్కా చిన్నది. "అన్నీ ఒకేసారి మార్చే మీట నొక్కే ముందు ఫైలును వేరే పేరుతో దాచండి. పేరు పక్కన తేదీ వేయండి. ఒక్కొక్కటిగా చూసి మార్చే మీట దాని పక్కనే ఉంటుంది. ఆలస్యమైనా అదే వాడండి." ఇంకా ఏదో రాయాలనుకుంది, కుదరలేదు. మాక్రోను పూర్తిగా తీసేయలేదు. దరఖాస్తులు రాయించుకునేవాళ్లు అదే కావాలంటారు. ఎఫ్‌నైన్ మీటనుంచి మాత్రం దాన్ని విప్పేసింది. "ఉన్నది ఉన్నట్లు కొట్టాల్నా, మార్చాల్నా?" అని వచ్చినవాళ్లను అడగడం మొదలుపెట్టింది. కొందరు ఆ ప్రశ్నకు వింతగా చూసేవాళ్లు.

కొత్త పుస్తకం తీసుకుని ఆమె దేవరుప్పులకు పోయింది. కట్టమ్మ వాకిట్లో పత్తి ఆరబోస్తూ, కూర్చోమని పీట వేసింది. నీరజ చదివింది. తట్ట పట్టు అన్న చోటికి వచ్చేసరికి కట్టమ్మ చేయెత్తి ఆపింది.

నీరజ పుస్తకంలోంచి తలెత్తింది. "తప్పు వడ్డదా అవ్వా?"

"మాట తప్పు కాదు. మా బాపు గొంతు గంత మెత్తగ ఉండది. జర గట్టిగ సదువు."

నీరజ గొంతు పెంచి ఆ మాట మళ్లీ చదివింది. కట్టమ్మ పత్తి మీద చేయి ఆడిస్తూ చివరిదాకా విన్నది.