ఆ మాట ఎవరితో అన్నాడు

పొద్దున్నే వాక్యం తీయనిదే సుగుణమ్మకు కాఫీ కూడా గొంతు దిగదు. కళ్లు మూసుకుని బైబిలు తెరుస్తుంది. బొటనవేలు ఎక్కడ పడితే అక్కడ చదువుతుంది. ఆ రోజుకు దేవుడు తనతో చెప్పిన మాట అదే. ఆళ్లగడ్డ సంఘంలో సగంమంది ఆడవాళ్లకు ఈ అలవాటుంది, ఆమె ఒక్కదాన్నే అని లాభం లేదు.

ఆ ఆదివారం వేలు మత్తయి సువార్త ఇరవై నాలుగో అధ్యాయం మీద పడింది. ఆ దినాల్లో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అయ్యో అని ఉంది. ఆ కిందే, మీరు పారిపోవడం చలికాలంలోనో విశ్రాంతిదినానో రాకుండా ప్రార్థించుకోమని ఉంది. సుగుణమ్మ గోడ మీది క్యాలెండరు చూసింది. ఇది డిసెంబరు. అందులోనూ ఆదివారం. లోపల మంచం మీద ఎనిమిది నెలలు నిండిన కూతురు ఫెబా పడుకుని ఉంది.

నిన్న నంద్యాలలో డాక్టరమ్మ ఫెబా బీపీ చూసి ఇప్పుడే చేరమంది. ఆపరేషన్ చేయకపోతే తల్లికీ బిడ్డకీ ప్రమాదమంది. బట్టలు తెచ్చుకుని పొద్దున్నే వస్తామని సుగుణమ్మే బతిమాలి వెనక్కి తీసుకొచ్చింది. కొలిమిగుండ్లలో పనిచేసే అల్లుడు నేరుగా ఆస్పత్రికి పోయి, తెల్లారినప్పటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు.

"ఈ పొద్దు వద్దు పాపా. రేపు సోమారం పోదాం," అంది సుగుణమ్మ.

"తలకాయ పగిలిపోతాందిమా. కండ్ల ముందర మెరుపులు మెరుస్తాండాయి."

"దేవుడే వద్దంటాంటే యాడికి పోతాం?"

ఇంత మొండితనమా అనుకుంటారేమో. మొండితనం కాదు, వణుకు! బయలుదేరితే కూతురు చచ్చిపోతుందని ఆమె నిజంగా నమ్మింది. అల్లుడు మళ్లీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. పది గంటలైంది.

చర్చికి పోతూ పక్కింటి సంజీవయ్య సార్ లోపలికి తొంగి చూశాడు. బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, సంఘంలో పెద్ద.

"ఏందమ్మా, నంద్యాలకు పోలేదా?"

సుగుణమ్మ ఏడుస్తూ వాక్యం చూపించింది. ఆయన అద్దాలు పెట్టుకున్నాడు.

"ఈ మాట ఎవురితో చెప్పినాడు?"

"నాతోనే సార్. నా వేలి కిందనే పడింది."

"నీ వేలి సంగతి ఇడ్సిపెట్టు. పైనుంచి చదువు."

చదివింది. యూదయలో ఉన్నవాళ్లు కొండలకు పారిపోవాలట. మిద్దె మీద ఉన్నవాడు ఇంట్లో సామాన్ల కోసం దిగకూడదట. పొలంలో ఉన్నవాడు బట్ట కోసం వెనక్కి రాకూడదట.

"చూసినావా? యూదయలో ఉండేటోళ్లతో చెప్పినాడు. దండు వచ్చి మీద పడితే ఎట్ల తప్పించుకోవాల్నో వాళ్లకు చెప్పినాడు. ఆళ్లగడ్డోళ్లకు కాదు."

"మరి ఈ పొద్దే నాకెందుకు వచ్చింది సార్?"

పాపం, భయం పట్టిన మనిషికి ఏ వివరమూ చెవికెక్కదు. సంజీవయ్యకు కోపం నెత్తికెక్కింది.

"సరే, నీతోనే అన్నాడనుకో! ఏమన్నాడు? కూచోమన్నాడా? పరుగెత్తమన్నాడు! బట్టల కోసం గూడా ఎనక్కి తిరగొద్దన్నాడు. నువ్వేం చేస్తాండావ్?"

సుగుణమ్మ చూపు మూలనున్న బట్టల సంచి మీద పడింది. నిన్న బట్టల కోసమే కదా తను కూతుర్ని వెనక్కి తెచ్చింది! అంతలో లోపల మంచం గడగడ కొట్టుకున్న చప్పుడైంది. ఫెబా కళ్లు పైకి తేలిపోయి, ఒళ్లంతా బిగుసుకుని ఎగిరెగిరి పడుతోంది. నోట్లో నురగ.

సార్ చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి ఉరికి, పోతున్న కారుకు అడ్డం నిలబడ్డాడు. దారి పొడుగునా సుగుణమ్మ కూతురి తల ఒళ్లో పెట్టుకుని, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూనే ఉంది. ఎన్నేళ్లుగానో కంఠతా వచ్చిన ప్రార్థనల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. బేగా పోనీయప్పా, బేగా పోనీ అని డ్రైవరును వేడుకోవడం తప్ప ఇంకేమీ చేతకాలేదు.

నంద్యాల ఆస్పత్రిలో ఆపరేషన్ గది తలుపులు మూసుకున్నాక గంటన్నర గడిచింది. అల్లుడు ఆమె వైపు చూడను కూడా లేదు. చివరికి డాక్టరమ్మ బయటికొచ్చింది.

"ఇద్దరూ బతికారు. పుట్టిన పాప బరువు తక్కువుంది, అద్దాల పెట్టెలో పెట్టాం. తల్లికి ఇంకా తెలివి రాలేదు, వస్తుంది." ఆమె గొంతు పెరిగింది. "నిన్న అంత చెప్పి పంపితే, పొద్దున్నుంచి ఎవరు ఆపారమ్మా?"

దేవుడు అనే మాట సుగుణమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. అల్లుడు ఇప్పుడు చూస్తున్నాడు. ఆమె ఆ మాటను మింగేసింది.

"ఎవురూ ఆపల్యా తల్లీ," అంది. "నేనే ఆపినా."