దారం లేని కుట్టు

చొక్కా ముందు పనిచెయ్యని చేతికి తొడగాలి, ఆ తరువాతే మంచి చేతికి. ఈ వరస ఆసుపత్రిలో నర్సు నేర్పింది. డ్రైవరు రోజూలాగే భార్య కుడిచేతిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తి, చొక్కా చేతిలోకి మెల్లగా దూర్చాడు. ఆమె పళ్ళు బిగబట్టింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు, నవ్వొస్తోంది," అంది. పక్షవాతం ఆమె మూతిని ఓ పక్కకు లాగింది గాని, అందులోని పెంకితనాన్ని ఏమీ చెయ్యలేకపోయింది.

అతను జీవితమంతా బస్సు నడిపాడు. ఉద్యోగం అయిపోయి చాలాకాలమైనా వీధిలో అందరికీ డ్రైవరే. ఎవరినీ గుద్దలేదు కాబట్టి పేపర్లో పేరు పడలేదు. వీడ్కోలు సభలో నాలుగు మంచిమాటలు చెబుదామని పై ఆఫీసరు లేస్తే, మైకు మొరాయించింది. ఆమె వీధి వీధంతటికీ బట్టలు కుట్టింది. ఆమె మంచం పట్టినప్పటినుంచీ కిటికీ దగ్గరి కుట్టుమిషను దుప్పటి కప్పుకుని మూగనోము పట్టింది.

కుడిపక్క మొత్తం తెరుచుకుని, నాడాలతో ముడివేసుకునే చొక్కా ఉంటే ఆమెకు ఈ రోజువారీ బాధ తప్పుతుందని అతనికి తోచింది. బజారంతా తిరిగినా అలాంటిది దొరకలేదు. "అయితే నేనే కుడతా," అన్నాడు. ఆమె పొలమారేదాకా నవ్వింది. నవ్వు ఆగాక అతనివంక చాలాసేపు చూసి, "ముందు సామాను తెచ్చుకో మరి," అంది.

అతను ఆ సామాను పేర్లను బస్సు స్టాపుల్లా వల్లెవేసుకుంటూ బయల్దేరాడు. తెల్లగుడ్డ, సూదులు, బాబిన్లు, నూలు దారం, టేపు, సుద్ద, గుండుసూదులు, కత్తెర. కొట్లో ఆవిడ అన్నీ బల్లమీద పెడుతూ, "నేర్చుకునేది ఎవరండీ, పాపా?" అని అడిగింది. డ్రైవరు మీసం తడుముకుని, "ఆఁ, పాపే," అన్నాడు. "అయితే ఇది కూడా ఉండాలి," అంటూ ఆవిడ కుట్లు విప్పే చిన్న ముల్లు ఒకటి పొట్లంలో వేసింది.

ఇంటికొచ్చి అన్నీ మంచంమీద పరిచాడు. ఆమె ఎడమచేత్తో ఒక్కొక్కటీ తడిమి చూసింది. ముల్లు తగలగానే మొహం వెలిగింది.

"దీని సంగతి నేనే మర్చిపోయా. కుట్టడం ఎంతలో వస్తుందిలే, విప్పడానికే ఓపిక కావాలి. అది సరే, తెల్లగుడ్డకి తెల్లదారం తెచ్చావేంటి?"

"తప్పు కనబడదని."

"నేర్చుకునేవాడికి తప్పు కనబడాలయ్యా! నా పెట్టెలో ఎర్రది ఉంటుంది, తీసుకో."

తీరా అతను ఎర్ర ఉండ పట్టుకుని మిషను ముందు కూర్చుంటే, దారం ఎక్కించవద్దంది. కొత్త సూదులు దాచమంది. తన పాత మొద్దుసూది బిగించి, గీతల కాగితం పెట్టి, ఒట్టి సూదితో గీతవెంట తొక్కమంది.

అతను తొక్కాడు. జోరుగా పోయినప్పుడల్లా మడమతో బ్రేకు వేశాడు. మిషను ఎగిరిపడింది. మొదటి కాగితాన్ని భుజం మీదుగా వెనక మంచంవైపు అందించాడు. ఆమె చిల్లుల వరసమీద చూపుడువేలు నడిపింది. కళ్ళు బాగున్న రోజుల్లోనూ కుట్టును ఆమె వేలితోనే చూసేది.

"తాగి నడిపావా?"

రెండోదీ అంతే. మూడోది ఇచ్చాక ఆమె అడిగింది. "ఎక్కడ చూస్తున్నావు నువ్వు?"

"ఎక్కడేంటే, సూదినే."

"బస్సు తోలేటప్పుడు చక్రాన్ని చూసేవాడివా?"

డ్రైవరుకు ఒక్కసారిగా నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. చూపు సూదిమీదనుంచి తీసి, ముందున్న గీతమీద పెట్టాడు. కాలు దానంతట అదే నెమ్మదించింది. పెళ్ళయిన కొత్తల్లో పని లేనిరోజున ఆమె వచ్చి, అతని వెనక సీట్లో కూర్చునేది. ఊరి ఆ చివరిదాకా పోయి, దిగకుండా మళ్ళీ వెనక్కి వచ్చేది. దారిపొడవునా ఇద్దరూ మాట్లాడుకునేవారు గాని, అతను ఒక్కసారీ తల తిప్పేవాడు కాదు. నడుస్తున్న బండిలో వెనక్కి చూడకూడదు. ఇప్పుడూ ఆమె వెనకే ఉంది. అతనికి హాయిగా ఉంది.

"ఇది చూడవే," అంటూ కాగితం అందించాడు.

వేలు కాగితంమీద జరుగుతున్న సన్నని చప్పుడు వినిపించింది. చాలా నెమ్మదిగా, చివరిదాకా.

"ఎక్కడా ఊగలేదయ్యా," అంది. "ఇక దారం ఎక్కించుకో."

అతనికి ఏనుగెక్కినంత సంబరం వేసింది. కొత్త సూది బిగించాడు. మిషను పాదం కింద తెల్లగుడ్డ పెట్టాడు. సూది బెజ్జంలోకి దారం దూరితే ఒట్టు. నాలుకతో తడిపాడు, కొస కత్తిరించాడు, మళ్ళీ తడిపాడు. మధ్యలో కొట్లో జరిగింది చెప్పాడు. "ఆవిడ పాపా అనడిగితే అవునన్నానే. నా మీసం చూసి కూడా నమ్మింది!" వెనకనుంచి నవ్వు రాలేదు. కునుకు పట్టిందేమోనని గొంతు తగ్గించాడు. చివరికి ఎర్రదారం బెజ్జం దాటి ఇవతలికి వచ్చింది.

"ఎక్కిందే!"

బండి ఆగే ఉంది కాబట్టి వెనక్కి తిరిగాడు.

సాయంత్రం పక్కింటివాళ్ళు వచ్చారు. ఆమెకు ఆఖరిసారి బట్టలు మార్చబోతుంటే డ్రైవరు అడ్డుపడ్డాడు.

"అలా కాదమ్మా. ముందు ఈ చెయ్యి," అన్నాడు. "నేను తొడుగుతా, ఉండండి."

కుడిచేతిని ఎత్తి, చొక్కా చేతిలోకి మెల్లగా దూర్చాడు. అలవాటుకొద్దీ ఆమె మొహంలోకి చూశాడు. ఈసారి ఆమె పళ్ళు బిగబట్టలేదు. అతను ఇక ఆపుకోలేక పసివాడిలా ఏడ్చాడు.

అందరూ వెళ్ళాక ఆ కాగితం దుప్పటి మడతలో కనిపించింది. ఆమె వేలు పట్టినచోట కాస్త నలిగింది. చిల్లుల వరస మాత్రం ఎక్కడా గీత దాటకుండా, అంచుదాకా నేరుగా వెళ్ళింది.