అరగంట వెనకాల వచ్చే మాట

"ఇంకొంచెం పెట్టమ్మాయ్."

"ఇప్పుడా మామయ్యా? గిన్నె కూడా కడిగేశాను కదా!"

కోడలు సబ్బు నురగ చేతులతోనే కిటికీలోంచి తొంగి చూసింది. మామయ్య ఎప్పుడో తినేసి, వాకిట్లో మెట్టు మీద కూర్చుని తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. ఆయన నోరు కదలడం లేదు. ఆ మాట అరగంట కింద కంచం ముందు కూర్చున్నప్పటిది మరి.

"అప్పుడే చెయ్యి చాపి చూపించొచ్చుగా" అని గొణిగింది.

"చూపిస్తే నువ్వు చూడాలిగా" అన్నాడు భర్త, షర్టు గుండీలు పెట్టుకుంటూ.

మామయ్య మాట ఎప్పుడూ అంతే. పుట్టినప్పుడు ఏడుపు కూడా అరగంటకి గానీ వినబడలేదట, మంత్రసాని హడలి చచ్చిందట. ఆయన ఎవరితో అంటాడో వాళ్ళు ఎక్కడున్నా సరే, అరగంటకి ఆ మాట వెళ్ళి వాళ్ళ చెవి పక్కన వాలుతుంది. పక్కనున్నవాళ్ళకీ వినబడుతుంది. కొడుకు బ్రెడ్డు వ్యాను వేసుకుని పోతుంటే, నాలుగో దుకాణం దగ్గర "టైర్లో గాలి చూసుకోరా" అని వచ్చేది. ఆయనతో పోట్లాడటం మాత్రం ఎవరివల్లా కాలేదు. తిట్టు వచ్చేసరికి తిట్లు తినాల్సినవాళ్ళు గుర్రుపెట్టి నిద్రపోతుండేవాళ్ళు.

ఆయన మాట టైముకి అందేది ఒక్క టైలరమ్మకే. వెనక సందులో ఒక్కతే ఉంటుంది. ఆవిడకి బొత్తిగా చెవుడు, పెదాలు చూసి మాట పట్టేస్తుంది. క్వారీలో రాళ్ళు కొట్టే పని మానేసిన దగ్గర్నుంచీ మామయ్య సాయంత్రాలు అక్కడే, గుండీలు రంగు వారీగా ఏరిపెడుతూ కూర్చునేవాడు.

మూడు రోజులుగా కొండ మీద అడవి తగలబడుతూనే ఉంది. ఆ మధ్యాహ్నం గాలి ఇటు తిరిగింది. గిన్నెలింకా ఆరలేదు, మైకు పెట్టుకుని జీపొకటి వీధిలోకి వచ్చింది. అందరూ ఇళ్ళు ఖాళీ చేసి ఊరి బయట గోదాముల దగ్గరికి వెళ్ళిపోవాలట, ఇప్పటికిప్పుడే.

"ముందు పరుపులెక్కించు!"

"పరుపులెందుకండీ, కాయితాలు తియ్యండి ముందు!"

"కాయితాల మీద పడుకుంటావా?"

అటూ ఇటూ పరిగెత్తుతూ మామయ్యని రెండుసార్లు గుద్దుకుంది కోడలు. "మామయ్యా, మీరు కాస్త ఆ స్టూలు మీద కూర్చోండి. కంగారు పడకండి" అంది. ఆయన కూర్చున్నాడు. ఏదో అన్నాడు. ఎలాగూ ఇప్పుడు వినబడదు కదా అని ఆమె అటు చూడలేదు.

బ్రెడ్డు ట్రేల మధ్య ఆయనకి చోటు చేసి, పరుపులకి తాడు బిగిస్తుంటే వెనకాల ఎవరో నిలబడ్డట్టనిపించింది. తిరిగి చూసేసరికి ఎవరూ లేరు. ఆకాశం ఇటుక రంగులో ఉంది, బూడిద రాలుతోంది.

"నాన్న ఎక్కాడా?"

"ఎక్కే ఉంటారు. స్టూలు ఖాళీగా ఉంది."

భర్త తలుపులు ధడేల్మని వేశాడు. వ్యాను సందు దాటింది. ఎందుకో మనసాగక, ముందు సీట్లోంచే వెనక్కి అరిచింది కోడలు. "మామయ్యా, సరిగ్గా కూర్చున్నారా?"

"ఆఁ, కూర్చున్నానమ్మాయ్. నాకేం కంగారు లేదు."

ఇద్దరూ స్థిమితపడ్డారు. పన్నెండేళ్ళుగా ఆ మాటతో కాపురం చేస్తున్నా, అది అరగంట కింద స్టూలు మీద అన్న మాటని అప్పుడు ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

దారి నిండా బళ్ళు. గోదాముల దగ్గరికి చేరేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. తలుపులు తీస్తే పరుపులున్నాయి, ట్రేలున్నాయి, మధ్యలో చేసిన చోటు చేసినట్టే ఉంది.

భర్త తలుపులు మళ్ళీ వేసేశాడు. వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. పోలీసాయన అడ్డం వచ్చాడు. "ఒక్క బండి కూడా వెనక్కి పోవడానికి లేదు."

"మా నాన్న ఇంట్లో ఉండిపోయాడు. తప్పుకో."

అడ్డంగా పెట్టిన డ్రమ్ములని గుద్దుకుని పోయేలాగే ఉన్నాడు. కోడలు చెయ్యి లోపలికి పెట్టి తాళం చెవి లాగేసుకుంది.

"ఆగండి. బయల్దేరే ముందు నాతో ఏదో చెప్పారు. నా వెనకాల నిలబడ్డారు."

"ఏం చెప్పాడు?"

"ఇంకా రాలేదు. ఐదు నిమిషాల్లో వస్తుంది."

"అక్కడ ఇల్లు తగలబడుతుంటే ఐదు నిమిషాలేంటే నీకు!"

"ఇంట్లోనే ఉన్నారని మీకెవరు చెప్పారు?"

పోలీసాయనది ఆ ఊరే, మామయ్య మాట సంగతి ఎరిగినవాడే. వాచీ చూసుకున్నాడు. "రానివ్వండి సార్. మాట వస్తే మాకూ ఎటెళ్ళాలో తెలుస్తుంది" అని, కేకేసి ఫైరింజను డ్రైవర్ని పిలిచాడు.

భర్త దిగొచ్చాడు. నలుగురూ అలా నిలబడ్డారు. కోడలు తాళం చెవి గుప్పిట్లో నొక్కిపెట్టి, తల కొంచెం వంచి నిలబడింది. ఎదురుగా ఉన్న మనిషి పెదాలు చూడటం అంత కష్టమా అనుకుంది. టైలరమ్మ నేర్చుకుంది. ఒకే ఇంట్లో ఉండి తను నేర్చుకోలేదు.

అప్పుడొచ్చింది, చెవి పక్కనే, తాపీగా.

"అమ్మాయ్, టైలరమ్మకి మైకు వినబడి ఉండదు. వెళ్ళి తీసుకొస్తా. మీరు నాకోసం ఆగకండి. దారి మూసుకుపోతే క్వారీ గుంటలో కూర్చుంటాం, అక్కడ కాలడానికేం లేదు, అన్నీ రాళ్ళే." కాస్త ఆగి, "వింటున్నావా?"

"వింటున్నా మామయ్యా" అంది కోడలు గాల్లోకి.

ఫైరింజను క్వారీ లారీలు తిరిగే అవతలి రోడ్డు పట్టింది. దారి చూపించడానికి భర్త కూడా ఎక్కాడు. వాళ్ళు అటు తిరిగిన కాసేపటికే, ఇంటి సందు మొదట్లో కరెంటు స్తంభం మండుతూ రోడ్డుకి అడ్డంగా పడిపోయిందని కబురొచ్చింది.

పొద్దు వాలకముందే ఇద్దర్నీ తీసుకొచ్చారు. మసి కొట్టుకుపోయి మామయ్య, ఆయన భుజమ్మీద కుట్టుమిషను, వెనకాల టైలరమ్మ.

"వద్దంటే వింటేనా! పాత ఇనుము, పారేద్దామన్నా మొయ్యడం మానలేదు" అంది టైలరమ్మ, తనకి వినబడదు కాబట్టి అందరికీ వినబడేంత గట్టిగా. రెండిళ్ళూ పోయాయని తర్వాత చెప్పింది, కొంచెం మెల్లిగా.

కోడలు నీళ్ళ సీసా తెచ్చి మామయ్యకి ఎదురుగా కింద కూర్చుంది. ఈసారి ఆయన మొహంలోకి చూస్తూ అంది. "మిమ్మల్ని వదిలేసి వచ్చేశాం మామయ్యా."

ఆయన పెదాలు కదిలాయి. ఆమె రెప్ప వెయ్యకుండా చూసింది. ఒక్క 'అమ్మాయ్' దొరికింది, మిగతాది జారిపోయింది. పక్కనున్న టైలరమ్మకి మాత్రం అంతా అందింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఏమన్నారు?" అని కోడలు సైగ చేసింది.

"నేను చెప్పకూడదు. నీకొచ్చే మాట, నువ్వే విను."

భర్త పరుపు దులిపి పరిచాడు. ఎవరో టీ ఇచ్చారు. కోడలు అక్కణ్ణుంచి లేవలేదు. అరగంటయ్యాక ఆ మాట వచ్చింది. మామయ్య అన్నది అన్నట్టుగా ఇది.

"వదిలేశానని ఏడుస్తావెందుకమ్మాయ్? ఆగి విన్నావంట కదా. నా మాట కోసం ఇంతవరకూ ఎవరూ ఆగలేదు."