మూడడుగులు వెనక్కి

తాళ్ల బూట్లా, తాళ్లు లేనివా అన్నదాని మీద శనివారం పొద్దున్నే హిండాకీ భర్త అన్షెల్‌కీ మాటా మాటా పెరిగింది.

"ఇవైతే కాలు ఇట్టే దూరుతుంది," అంది హిండా.

"ఇంట్లో తిరిగేవి తొడుక్కుని దేవుడి ముందు నిలబడమంటావా?"

"దేవుడు మీ బూట్లకేసి చూస్తాడా?"

"ఆయన చూడకపోయినా మీ తమ్ముడు చూస్తాడు. వాడి నోరు తెలీదూ?"

కూతురు పెసెల్ వంగి తండ్రి బూట్ల తాళ్లు కట్టింది. అన్షెల్‌ది వణుకుడు జబ్బని డాక్టరు చెప్పి ఏడాదైంది. జెరూసలేంలో వాళ్లుండే యూదుల పేటలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. తెలిస్తే పెసెల్‌కి కుదరబోయే సంబంధం నిలవదని, హిండాయే ఇంట్లో అందరి నోళ్లకీ తాళం వేసింది.

ప్రార్థనా మందిరంలో మేడమీద, ఆడవాళ్ల వైపు జాలీలోంచి ఆమె భర్తనే చూస్తోంది. అందరూ పాదాలు జతచేసి నిలబడి మౌనంగా ప్రార్థిస్తున్నారు. అన్షెల్ ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు.

"మీ ఆయనలా లీనమయ్యేవాళ్లు ఈ పేటలో లేరు," అంది పక్కావిడ.

ముగించినవాడు మూడడుగులు వెనక్కి వేయాలి. వెనకవాడు ఇంకా ప్రార్థనలో ఉంటే మాత్రం ముందువాడు కదలకూడదు. అన్షెల్ కదల్లేదు. అందుకని అతని ముందున్న మతగురువు రబ్బీ కదల్లేదు. రబ్బీ కోసం హాలంతా ఆగింది. ఎంత భక్తో అని గుసగుసలు. హిండాకి మాత్రం అతని మడమ కనిపిస్తోంది. లేవబోతుంది, లేవలేక మళ్లీ నేలకి అతుక్కుంటుంది. ఎవరో గట్టిగా దగ్గితే ఉలిక్కిపడ్డట్టు కాలు కదిలింది.

ఇంటికి వచ్చే దారిలో అడిగింది. "ఏ మాట దగ్గర ఆగిపోయారు?"

"మాటా? పడిపోకూడదు, పడిపోకూడదు, అదొక్కటే నా ప్రార్థన. పైగా నన్ను చూసి నేర్చుకోమని రబ్బీ కుర్రాళ్లకి చెప్తున్నాడు. సిగ్గేస్తోంది హిండా. ఇంట్లో కూర్చుని చేసి చూశాను. మనసు ప్రతి మాట మీదా నిలబడింది."

"అక్కడా కూర్చోకూడదా? జబ్బుపడ్డవాళ్లు కూర్చోవచ్చుగా."

"జబ్బుందని ఎవరికి తెలుసు?"



మధ్యాహ్నం భోజనానికి పెద్దకొడుకు జుండెల్ కూడా వచ్చాడు. రాత్రంతా సన్నసెగ మీద ఉడికిన మాంసం, చిక్కుడుగింజల కూర అందరికీ వడ్డించి, గరిటె పక్కన పెట్టింది హిండా.

"సాయంత్రం ప్రార్థన నుంచే మీ నాన్న కూర్చుని చేస్తారు. ఎందుకని అడిగితే జబ్బని చెప్తారు."

జుండెల్ ముద్ద మింగలేదు. "మరి పెళ్లివాళ్లు?"

"చీకటి పడి విశ్రాంతిదినం ముగియగానే సంబంధం తెచ్చినావిడకి నేనే ఫోన్ చేసి చెప్తా. ఏమంటావే పెసెల్?"

"తర్వాత తెలిస్తే మాటపడేది నేనేగా. చెప్పెయ్యమ్మా."

"వాళ్లు వద్దంటే?" అన్నాడు అన్షెల్.

"వద్దంటే వద్దంటారు. మీరు మాత్రం కూర్చోండి."