చెయ్యెత్తు మాస్టారు

నా కూతురు దొంగాట ఆడి గెలిస్తే నాకు సంతోషం కలుగుతుందేమోనన్నదే నా పెద్ద భయం. తల్లులందరూ జ్వరాలకు భయపడతారు, బడి ముందున్న రోడ్డుకు భయపడతారు. నాకు ఆ భయాలూ ఉన్నాయి. ఇది మాత్రం ఎవరితోనూ చెప్పుకోలేనిది.

శుక్రవారం పొద్దున నేను వరండా ఊడవడం మొదలుపెట్టేసరికే డ్రిల్లు మాస్టారు ఆటస్థలంలో గొంతుక్కూర్చుని సున్నం జల్లిస్తున్నారు. సన్నటి మనిషి. అరవై దాటి రెండేళ్లయింది. ప్యాంటు నిలవడానికి బెల్టుకు మేకుతో అదనంగా రెండు చిల్లులు పొడుచుకున్నారు. ఎడమ మోకాలు సరిగా వంగదు కనుక కూర్చున్నా ఆ కాలు పక్కకి చాచే ఉంటుంది. జల్లెడలో మిగిలిన గట్టి పలుకులను వేలితో ఏరి అవతల పారేస్తున్నారు. ఒక్క పలుకున్నా పిల్లల అరికాళ్లు గీరుకుపోతాయని ఆయన బెంగ.

తరవాత ఆ సున్నాన్ని అడుగున చిల్లులున్న డబ్బాలో పోసి, తడుతూ, వెనక్కి వెనక్కి నడుస్తూ పెద్ద వలయం గీశారు. ముందుకు నడిస్తే తన గీత తనే తొక్కేస్తారట. గీత కలిశాక చెప్పులు విడిచి లోపలంతా వట్టికాళ్లతో తిరిగి రాళ్లేరి జేబులో వేసుకున్నారు. గంట కొట్టే వేళకు జేబు బరువుతో జారుతోంది. ఇదంతా రెండు నిమిషాల కుంటుడు పందెం కోసం. నాకు నవ్వొచ్చింది. ఇంట్లో పొయ్యి దగ్గర కూడా నేనంత శ్రద్ధగా ఏ పనీ చేసి ఎరుగను.

ఆ బడిలో నేను ఆయాను. ఆరో తరగతిలో తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి నన్ను చదువు మాన్పించారు. ఆటలంటే కిటికీలోంచి చూసినవే.

మాస్టారి పందేనికి ఒక పద్ధతుంది. పిల్లలందరూ వలయంలో ఒంటికాలి మీద గెంతాలి. రెండోకాలు నేలకానితే తనకు తానే చెయ్యెత్తి బయటికి రావాలి. పక్కవాడి కాలు పడిందని వేలు చూపిస్తే, వేలు చూపినవాడూ బయటికే. చివరికి ఓడినవాడు గేటు పక్కనున్న నల్లబల్ల మీద గెలిచినవాడి పేరు రాయాలి. అది నెలంతా ఉంటుంది. మీరు చూడరేం మాస్టారూ అని ఎవరైనా అడిగితే, "నీ కాలు నాతో మాట్లాడదురా, నీతోనే మాట్లాడుతుంది. ఏమందో చెప్పు," అనేవారు. అందుకే పిల్లలు ఆయనకు చెయ్యెత్తు మాస్టారని పేరు పెట్టారు. ఆ పేరు ఆయనకు తెలుసు. పిలిస్తే పలికేవారు కూడా.

ఆ నల్లబల్ల కింద నేల నేను రోజూ ఊడుస్తాను. మూడేళ్లుగా దాని మీద మా పాప పేరు లేదు. పాప ఎందులోనూ గెలవదు. తోటిపిల్లలు దాన్ని బాతుపిల్ల అంటారు.

ఆ రోజు ఒక్కొక్కరే చెయ్యెత్తి బయటికొచ్చారు. మిగిలింది ఇద్దరు. ఒకడు బేకరీ ఆయన కొడుకు, రెండోది మా పాప. నీళ్ల డ్రమ్ము దగ్గర చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పాప ఒగురుస్తూ గీత అంచుకు వచ్చింది. ఎడమకాలు దిగింది. బొటనవేలు సున్నంలో ఆని తెల్లబడింది. పాప సగం చెయ్యి ఎత్తి నా వైపు చూసింది.

నేను తల అడ్డంగా ఊపాను.

చెయ్యి దిగిపోయింది. నాలుగు గెంతుల తరవాత బేకరీ ఆయన కొడుకు తూలి, చెయ్యెత్తాడు. వాడే సుద్దముక్క తీసుకుని బల్ల దగ్గరికి పరిగెత్తి మా పాప పేరు రాశాడు, ఒత్తు తప్పకుండా. నాకు సంతోషం కలిగింది. ఎంత అణుచుకున్నా కలిగింది.

కొడుకును చూడటానికి వచ్చి గోడవతల నిలబడ్డ బేకరీ ఆయన గేటు తోసుకుని లోపలికొచ్చాడు. "ఏమయ్యా, కళ్లు కనబడటం లేదా? ఆ పిల్ల కాలు పడింది, నేను చూశాను. ఆయా కూతురని వదిలేశావా? రోజూ టీ అందిస్తుందిగా మరి," అన్నాడు. టీచర్లు ఇటు తిరిగి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మాస్టారు మోకాలు చాచి పాప ఎదుట కూర్చుని, కాలు పడిందో లేదో నువ్వే చెప్పు తల్లీ అన్నారు. పాప మళ్లీ నా వైపు చూసింది. నేను చెంబులోకి చూశాను.

"పడలేదు," అంది.

ఆయన పాప బొటనవేలి వైపు కాసేపు చూశారు. "సరే. పాప పడలేదంది," అని లేచారు.

బేకరీ ఆయన అంతటితో ఊరుకోక మాస్టారిని పెద్ద టీచరు గదికి తీసుకెళ్లాడు. నేను పాపను పంపు దగ్గరికి లాక్కెళ్లి ఆ వేలు కడిగేశాను. సున్నం తొందరగా వదల్లేదు. గోరు మూలల్లో రుద్దాల్సి వచ్చింది.

తరవాత గది బయట బల్ల తుడుస్తున్నట్టు నటిస్తూ విన్నాను. అసలేం జరిగిందని పెద్ద టీచరు మెల్లగానే అడిగింది. పాపను పిలిపిద్దామా అంది కూడా. మాస్టారు, పిల్లలు ఎత్తినట్టే, మోచెయ్యి చెవికి తగిలేలా చెయ్యెత్తారు.

"వద్దండీ. తప్పు నాది. ఎండలో నాకు సరిగా కనబడలేదు."

ఆయన ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించే కాగితం మీద నడుస్తోంది. చూపు సరిగా లేకపోతే కష్టం కదా, సోమవారం నుంచి ఆటలు చిన్న టీచరు చూసుకుంటుంది, మీరు విశ్రాంతి తీసుకోండి అంది పెద్ద టీచరు. చాలా మర్యాదగానే అంది. సరేనండీ అన్నారాయన.

చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వచ్చినప్పుడు నేను ఉండబట్టలేక అడిగాను, నిజంగా కనబడలేదా మాస్టారూ అని.

"కనబడిందమ్మాయ్. పాప నీ వైపు చూడటమూ కనబడింది."

పంపు తిప్పి కట్టేశారు. చేతులు దులుపుకున్నారు. "పిల్లని ఏమీ అనకు. ఒకటి రెండు రోజుల్లో తనే ఎత్తుతుంది. చూడ్డానికి నేనుండను, అంతే."

పెద్ద టీచరు గదిలోకి వెళ్లి నాలుగు మాటలు చెబితే సరిపోయేది. పది అడుగుల దూరం కూడా లేదు. నేను వెళ్లలేదు. ఆయన జేబులో రాళ్లు గోడ పక్కన కుమ్మరించి, చివరి గంట కొట్టకముందే గేటు దాటారు. అలా వెళ్లడం నేను ఎన్నడూ చూడలేదు.

సోమవారం పొద్దున అసెంబ్లీలో, పాట అయ్యాక, మా పాప చెయ్యెత్తింది. మోచెయ్యి చెవికి తగిలేలా.

"ఏంటమ్మా, బాత్రూమా? వెళ్లిరా," అంది పెద్ద టీచరు.

పాప కదల్లేదు. చెయ్యి దించలేదు. పిల్లలు కిసుక్కున నవ్వారు. వాళ్ల టీచరు భుజం పట్టుకుని వరుసలోంచి పంపేసింది. పాప నేరుగా నా దగ్గరికి వచ్చింది. ముక్కు ఎర్రబడి ఉంది.

"ఎత్తానమ్మా. ఎందుకెత్తావని ఎవరూ అడగలేదు."

నేనూ అడగలేదు. ముక్కు తుడిచి తరగతికి పంపాను. నల్లబల్ల మీద దాని పేరు ఇంకా ఉంది. దాని కింద ఎప్పటిలాగే ఊడ్చాను.

నిన్న సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను. నీళ్ల ట్యాంకు వెనక వీధిలో, మందుల షాపు మేడ మీద ఒంటిగది, పచ్చరంగు తలుపు. ఆయనకు ఎవరూ లేరు. తలుపు కొట్టాను. చాలాసేపటికి లోపలినుంచి "ఎవరూ?" అన్నారు. ఆటస్థలం చివరిదాకా వినబడే గొంతు తలుపు దాటి రావడానికే కష్టపడింది. మళ్లీ "ఎవరూ?" అన్నారు. పేరు చెప్పకుండానే మెట్లు దిగి వచ్చేశాను.

ఇవాళ పెద్ద టీచరుకు జరిగింది జరిగినట్టు చెప్పేశాను. విని, అయ్యో, ఆయన ఆటల గది తాళాలు కూడా పంపించేశారే అంది. మందుల షాపు అబ్బాయిని అడిగితే రెండు రోజులుగా ఆయన కిందికి దిగలేదన్నాడు. పాపను తీసుకుని మళ్లీ వెళ్తాను, వెళ్లి తీరతాను. కానీ నన్ను నేను నమ్మలేకపోతున్నాను, మెట్ల దగ్గర మళ్లీ ఆగిపోతానేమో. మీలో ఎవరైనా అటు వెళ్తే ఒక్కసారి పైకెక్కి ఆయన ఎలా ఉన్నారో చూసి రండి. ఎవరని అడిగితే మీ పేరు చెప్పండి చాలు. వెళ్లేటప్పుడు బడికి వచ్చి ఆయన క్యారేజి తీసుకెళ్లండి. శుక్రవారం ముట్టుకోకుండా వదిలేసి వెళ్లారు, మూడు గిన్నెలూ కడిగి పంపు పక్కన అరుగు మీద బోర్లించాను.