ఒక్క కాలికి ముగ్గురు

ముగ్గురినీ కలిపి ఒకే రోగిని అప్పగించినప్పుడే కునిహిరాకు ఒళ్లు మండింది. తను చదివేది నర్సింగు. బలిండాది డాక్టరు చదువు, ఆఖరి ఏడాది. అప్పుడే మహా డాక్టరైపోయినట్టు మెడలో స్టెతస్కోపుతోనే భోజనానికి కూర్చుంటాడు. మూడోవాడు ఓజోక్, ఫిజియోథెరపీ. ఉత్తరాన గులూ నుంచి వచ్చాడు. ఈ టోరో సీమ అతనికి కొత్త, ఇక్కడి భాష కాలేజీలో నేర్చుకున్నదే, పైగా నోట్లో నాలుక లేని మనిషి. రేపు ఆస్పత్రిలో కలిసి పనిచెయ్యాల్సినవాళ్లు ఇప్పుడే కలిసి నేర్చుకోండంటూ కాలేజీవాళ్లు వీళ్లని కొండల కింద, టీ తోటల మధ్యనున్న చిన్న ఆస్పత్రికి తోలారు. కలిసి! చెప్పడానికేం, బాగానే ఉంటుంది. ఒకే జీపులో వచ్చారు, అంతవరకే కలిశారు.

రోగి పేరు కబహెండా. ముసలావిడ. షుగరు జబ్బు, అరికాల్లో పుండు. కాలు మొద్దుబారిపోయింది కాబట్టి నొప్పి తెలీదు, నొప్పి తెలీదు కాబట్టి లక్ష్యమూ లేదు. కొండవాలున ఒంటరి ఇల్లు, వెనక అరటితోట. పొద్దున్నే ఆ తోటలోకి దిగకపోతే ఆవిడకి తెల్లవారినట్టే ఉండదు.

ఆస్పత్రి చూసుకునే బసెమెరా మేడమ్ మొదటిరోజే కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "నెలాఖరుకి పట్నం నుంచి సర్జన్ గారొస్తారు. అప్పటికి పుండు తగ్గుముఖం పట్టకపోతే కాలు తీసేస్తారు. ఆ తర్వాత ఆ కొండమీద ఆవిడ బతుకేంటో మీరే ఆలోచించండి."

ఆలోచించారు. ఎవరికి వాళ్లు, విడివిడిగా. ఒకరు వెళ్లొచ్చిన సంగతి ఇంకొకరికి చెప్పరు. బలిండా వెళ్లి "కాలు నేల మీద పెట్టకు" అన్నాడు. ఓజోక్ వెళ్లి "రోజూ కాస్త నడువు మామ్మా, లేకపోతే కీళ్లు బిగుసుకుపోతాయి" అన్నాడు. కునిహిరా కట్టు కట్టి, "తడి తగలనివ్వకు, విప్పకు" అంది. మర్నాడు బలిండా పుండు చూడాలని ఆ కట్టు విప్పేశాడు. అందరికీ మామ్మ ఒకటే జవాబు చెప్పింది: "అలాగే నాయనా."

పుండు మాత్రం పెద్దదైంది. దాన్ని చూసినప్పుడల్లా కునిహిరాకు తన అమ్మమ్మ గుర్తొచ్చేది. తనని పెంచిన ఆవిడ కూడా ఇంతే, అందరికీ "అలాగే" అంటుంది.

ఒకరోజు మధ్యాహ్నం దారిలో వాన పట్టుకుంది. తలదాచుకోడానికి ముగ్గురూ మూడు వైపుల నుంచి మామ్మ ఇంట్లోకే పరిగెత్తారు. ముందు బలిండా గుమ్మంలోకి రావడం చూసి మామ్మ గబుక్కున కాలెత్తి పీట మీద పెట్టింది. వెనకే ఓజోక్ కనిపించేసరికి కర్ర పట్టుకుని లేచి నిలబడింది. ఆ వెనక కునిహిరా! మళ్లీ కూలబడి, ఊడిపోయిన కట్టుని గౌను కిందకి దాచుకుంది.

"ఇప్పుడెవరి మాట వినమంటారమ్మా?" అంది దొంగతనం బయటపడ్డట్టు మొహం పెట్టి.

అప్పుడర్థమైంది కునిహిరాకు. గడప తొక్కిన చుట్టాన్ని కాదనడం ఈ సీమలో ఉందా? ఆవిడ ముగ్గురి మాటా విన్నది. ఎవరొస్తే వాళ్ల ముందు, వాళ్లకి కావలసినట్టు.

"నడవమన్నావా? ఆ పుండుతోనా? బుర్రుందా నీకు!" బలిండా ఓజోక్ మీద ఇంగ్లీషులో విరుచుకుపడ్డాడు.

"మరి నువ్వు నా కట్టెందుకు విప్పావు?" కునిహిరా అందుకుంది.

"డాక్టరు చూడకపోతే ఎవరు చూస్తారు, నర్సూ?"

"అబ్బో! ఇంకా పరీక్ష పాసవలేదు బాబూ!"

మామ్మకి ఇంగ్లీషు రాదు గానీ కోపం ఏ భాషలోనైనా తెలుస్తుంది. గరిటె తీసి కుండ మీద టంగుమని కొట్టింది. "చాలు! నా ఇంట్లో డాక్టర్లూ నర్సులూ ఎవరూ లేరు. మీ ముద్దుపేర్లేంటి?"

టోరోలో పుట్టిన ప్రతివాళ్లకీ అసలు పేరుతోపాటు ఒక ముద్దుపేరు పెడతారు, ఎంపాకో అని. దాంతో పిలవకపోతే మర్యాదా కాదు, ప్రేమా కాదు. ఆ పేరుతో పిలిచినవాళ్ల మీద గొంతు లేపడం మరీ తప్పు. తెల్లకోటు తొడుక్కున్నాక వీళ్లకి అదెక్కడ గుర్తుంటుంది?

"అరాలి" అన్నాడు బలిండా నేల చూస్తూ.

"అబ్వోలి" అంది కునిహిరా.

ఓజోక్ తల గోక్కున్నాడు. "మా ఉత్తరాది అచోలీల్లో అలాంటివి లేవు మామ్మా."

"లేకపోతే నేను పెడతా. ఇలా కూర్చో." రాగిముద్ద తుంచి, పొగబెట్టిన చేపముక్కతో వాడి చేతిలో పెట్టింది. "నువ్వు అమోటివి. తిను, బక్కపీనుగా!"

ఓజోక్ తిన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. చేప కారంగా ఉందని అబద్ధమాడాడు.

బయట వాన తగ్గలేదు. కునిహిరా బలిండా వైపు తిరిగింది. "అరాలీ, ఇందాక అరిచాను, వదిలెయ్. కానీ ఆ కట్టు నువ్వు ఒక్కడివే విప్పకూడదు. నేనున్నప్పుడే చూడు."

బలిండాకి కసరాలనే ఉంది. ఆ పేరు పెట్టి పిలిచాక ఎలా కసురుతాడు? "సరే అబ్వోలీ. తప్పే" అన్నాడు చివరికి. అంత పొగరుబోతు నోట ఆ మాట వినడం కునిహిరాకు ఎంత హాయిగా ఉందో! తర్వాత వాడు ఓజోక్ వైపు తిరిగి, ఈసారి నెమ్మదిగా అడిగాడు. "అమోటీ, నడవకుండా కీళ్లు కాపాడలేమా?"

"కూర్చునే చేయించొచ్చు. కానీ తోటలోకి వెళ్లొద్దంటే ఈవిడ ఊరుకుంటుందా?" అన్నాడు ఓజోక్.

"ఊరుకోను" అంది మామ్మ. ఆ ఇంట్లో ఆవిడ నోట నిజం రావడం అదే మొదలు. "మీరు అటు వెళ్లగానే రోజూ దిగుతున్నాను."

ఇంకేముంది, మర్నాడు ఓజోక్ పాత టైరు కోసి, మామ్మ తోటలోకి దిగడానికి చెప్పు చేశాడు. లోపల మెత్తని రబ్బరు వేసి, పుండు ఆనే చోట గుంట చేశాడు, బరువు దానిమీద పడకుండా. బలిండా మందులు సరిచేశాడు. కునిహిరా కట్టు కట్టింది. ఏ మాటైనా ముగ్గురూ ముందు దారిలోనే తేల్చుకుని, లోపలికెళ్లాక ఒకటే చెప్పేవాళ్లు. దారిలో పోట్లాటలు తగ్గాయని కాదు. ఒక్కోసారి గుమ్మం బయటే పావుగంట నిలబడిపోయేవాళ్లు, లోపలి నుంచి మామ్మ "టీ చల్లారిపోతోందర్రా" అని కేకేసేదాకా.

నెలాఖరున మామ్మని ఆస్పత్రికి తీసుకెళ్లారు, సర్జన్ గారొచ్చారు. కాలు అటు తిప్పారు, ఇటు తిప్పారు, అంచులు నొక్కి చూశారు. కునిహిరా ఓజోక్ చెయ్యి పట్టేసుకుంది.

"సగానికి పైగా మూసుకుంది. కాలి జోలికి పోనక్కర్లేదు" అన్నారాయన.

బలిండా మొహం చాటంతైంది. "మామ్మా, ఈ రాత్రికి ఇక్కడే వార్డులో పడుకో. రేపు పొద్దున్న ఇంకోసారి చూసి పంపిస్తాం."

"ఉండను" అంది మామ్మ.

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

"ఉండనంటే ఉండను. నాకు తోటలో పనుంది. చెప్పినవన్నీ వినడానికి నువ్వేమన్నా చుట్టానివట్రా? మా ఇంటి పిల్లాడివి. తప్పుకో!"

బలిండా తప్పుకున్నాడు. కునిహిరాకు దుఃఖం ఆగలేదు, వలవలా ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. మామ్మ కర్ర ఊతంగా, నెమ్మదిగా, తన రెండు కాళ్ల మీదా గుమ్మం దాటింది.