వంకర గరిట

"డైనింగ్ టేబుల్ ఉండగా నీకు వేరే బల్ల ఎందుకనేగా నేను అడుగుతున్నది" అన్నాడు భర్త, బూటు లేసు బిగించుకుంటూ. నిన్న రాత్రి మొదలైన మాట తెల్లారినా తెగలేదు.

"దాని మీద కూరగాయలు తరుగుతాం. అమ్మాయి పుస్తకాలు, అత్తయ్య మందులు అన్నీ దాని మీదే. నేను లాప్‌టాప్ తెరిస్తే అందరికీ అడ్డం" అంది ఆమె.

"ఇవాళ వచ్చే ట్రెడ్‌మిల్‌కి గాలి ఆడాలి. నీ బల్ల ఉన్న వెనక గదిలోనే కిటికీ ఉంది."

"నడవడానికి వీధి ఉందిగా."

"వీధిలో కుక్కలున్నాయి."

"వెనక గదిలో నేనున్నాను."

లోపల్నుంచి కూతురు కిసుక్కున నవ్వింది. అత్తగారు మోకాలికి మందు రాసుకుంటూ మధ్యేమార్గం చూపించింది. "వాడి ఆరోగ్యం కోసమేగా అమ్మాయ్. నీ టకటకలేవో వంటింటి గట్టు మీద పెట్టుకో. పాలు పొంగకుండా చూసుకున్నట్టూ ఉంటుంది."

"అయినా అదేమన్నా జీతం వచ్చే పనా? ఊరూ పేరూ తెలియని వాళ్ళకి ఊరికే చేసిపెట్టడం" అని భర్త తలుపు దగ్గరగా లాగి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి బల్ల ఖాళీ అయి ఉండాలన్నది అతను చెప్పకుండా చెప్పిన మాట.

ఊరికే. ఆ మాట గిన్నెలు తోముతుంటే చేతికి అంటుకుంది. జీతం రాని పని అని ఆయన దేన్ని అన్నట్టు? తోముతున్న ఈ గిన్నెనా, వెనక గదిలో లాప్‌టాప్‌నా? పిల్ల పుట్టాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానింది. అత్తగారి స్కాన్ రిపోర్టులు ఫోన్లో ఫొటో తీసి డాక్టరుకు పంపితే వంకరగా, నీడలు పడి ఉన్నాయని ఆ డాక్టరు విసుక్కున్నాడు. పిల్ల నిద్రపోయే మధ్యాహ్నాల్లో కూర్చుని, ఫొటోలోని కాగితాన్ని దానంతటదే సాపు చేసే ప్రోగ్రాం రాసింది. దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఎలా రాసిందో విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినది బాగుంటే తిరిగి పంపవచ్చు అని నెట్‌లో పెట్టేసింది. ఎక్కడో ఒక లైబ్రేరియన్ మొదట పంపింది, చినిగిన అంచుల్ని గుర్తుపట్టే పద్ధతి. తర్వాత ఇంకెవరో, ఇంకెవరో. మొహాలు తెలియని వాళ్ళు, అయినా తీసుకున్నచోట ఏదో ఒకటి పెట్టి వెళ్ళేవాళ్ళు. ఈ ఇంట్లో తీసిన మూత తిరిగి పెట్టేవాళ్ళే లేరు. ఏ మార్పు మంచిది, ఏది కాదు అని చూసి కలపాల్సింది మాత్రం ఆమే. నెట్‌లో ఆమె పేరుండాల్సిన చోట రెండు పొడి అక్షరాలు, పక్కన ఒక గరిట ఫొటో. మొదటిసారి పరీక్షించడానికి చేతికందిన గరిటనే ఫొటో తీసింది. కాగితాలన్నీ సాపు చేసిన ప్రోగ్రాం ఆ గరిట కాడ వంకర మాత్రం తీయలేకపోయింది. నవ్వొచ్చి దాన్నే తన బొమ్మగా ఉంచుకుంది. ఏం చేస్తున్నావని భర్త ఒకసారి అడిగాడు. ఆమె చెప్పింది. అప్పుడు టీవీలో మ్యాచ్ వస్తోంది.

చేతులు తుడుచుకుని బల్ల దగ్గర కూర్చుంది. కొత్త ఫోన్లతో తీసిన కాగితాలు తలకిందులుగా వస్తున్నాయని ఒకటే ఫిర్యాదులు. వాటి కింద ఒక పొడుగాటి ఉత్తరం.

"గౌరవనీయులైన సర్, మీ ప్రోగ్రాం అమూల్యమైనది. మా బీమా ఆఫీసు పనంతా దీని మీదే నడుస్తోంది. తమరు నిస్వార్థంగా చేస్తున్న ఈ సేవకు ఏమిచ్చి రుణం తీర్చుకోగలం? తమరి విలువైన సమయంలో కాస్త మా ఇబ్బందిని కూడా..."

కింద సంతకం, హోదా, ఫోన్ నంబరు. భర్తవి.

మళ్ళీ చదివింది. తమరు. అమూల్యం. ఆమె నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే ఆగింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది, ఎందుకొచ్చిందో మర్చిపోయి తిరిగొచ్చింది. కూర్చుంది, మళ్ళీ లేచింది. చెయ్యకుండా వదిలేస్తే? వాళ్ళ ఆఫీసు రెండ్రోజులు తలకిందులుగా నడిస్తే ఏం పోయింది? కానీ తప్పు ఎక్కడుందో అప్పటికే ఆమెకు తెలిసిపోయింది, పంటి కింద రాయిలా. పైగా ఆ లైబ్రేరియన్ ఏం పాపం చేసింది? "మీ ఆవిడనే, సర్" అని జవాబు రాసింది, చెరిపేసింది. చాకిరీ అన్న మాటకు ఎవరూ సంతకం పెట్టి దణ్ణం పెట్టరు. అదే చాకిరీ మొహం తెలియని మగవాడు చేస్తే సేవ. పేరు పెట్టకుండా ఆ మగవాడిని తనే సృష్టించినట్టయింది. ఇప్పుడు అతని మీద ఆమెకు అసూయగా ఉంది.

"అమ్మాయ్, వేడినీళ్ళు" అని అత్తగారు పిలిచింది. నీళ్ళు పెట్టి వచ్చింది. బట్టలు ఆరేసి వచ్చింది. కరెంటు బిల్లును అటూ ఇటూ తిప్పి ఫొటోలు తీసి చూసుకుంది. అన్నీ నిటారుగా నిలబడ్డాక సరిచేసినది అందరికీ విడుదల చేసింది. భర్త ఉత్తరానికి జవాబు రాసింది, ఈసారి చెరపలేదు. అంతలో ట్రెడ్‌మిల్ మోసుకొచ్చిన మనుషులు బెల్ కొట్టారు. "ఎక్కడ పెట్టమంటారమ్మా?" అని అడిగారు. ఆమె వేలు పెట్టి చూపించింది.

రాత్రి భోజనాల దగ్గర భర్త హుషారుగా ఉన్నాడు. ట్రెడ్‌మిల్ హాల్లో సోఫాకి ఆనుకుని ఉందన్న సంగతి కూడా పట్టించుకోలేదు. "పొద్దున రాస్తే సాయంత్రానికి సరిచేసి పంపాడాయన. మా మేనేజర్ నా భుజం తట్టాడు. అలాంటి మనుషులుండబట్టే లోకం నడుస్తోంది. జవాబు కూడా రాశాడు, చదువమ్మా" అని కూతురికి ఫోనిచ్చాడు.

"సరిచేశాను, మీ ఆఫీసులో పరీక్షించి చెప్పండి. ఇకమీదట ఈ పనిని రోజూ సాయంత్రాలు చూస్తాను" అని చదివి కూతురు ఆగింది. ఫోన్ దగ్గరగా పెట్టుకుంది. "నాన్నా, ఇది మన గరిట."

"ఏ గరిట?"

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని ఫోను అందుకుంది. చాలాసేపు చూసింది. "కాలిన కాడకి ఈ నీలం దారం చుట్టింది నేనేరా" అంది.

భర్త ఫోన్లోకి చూశాడు. పప్పు గిన్నెలో నిలబడ్డ గరిటను చూశాడు. అదే వంకర, అదే దారం. తర్వాత భార్యను చూశాడు.

"సర్ అని రాశావా నాన్నా?" అంది కూతురు, మెల్లగా.

ఆమె గరిట తీసి, తుడిచి, ముగ్గురికీ మధ్యలో పెట్టింది. గొంతు పెంచలేదు.

"బల్ల అక్కడే ఉంటుంది. రేపట్నుంచి సాయంత్రం దీపాలు పెట్టేవేళకి నేను ఆ గదిలోకి వెళ్ళిపోతాను. గరిట ఇక్కడే ఉంటుంది. ఎవరు పట్టుకుంటారో మీరు ముగ్గురూ మాట్లాడుకోండి."